నొక్కిపట్టిన వేళ్ళు

“తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు” అంది మా ఆడపడుచు, ఫోన్లో టైము చూస్తూ. “వదినా, నీ కంప్యూటరు నిద్ర లేచేలోపు నేను స్నానం చేసి తల ఆరబెట్టుకుని రావచ్చు.”

“జోకులొద్దు గడుగ్గాయ్. నాకిక్కడ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.”

గడుగ్గాయి అంటే దానికి కోపం రాదు. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా, కంప్యూటర్లు బాగుచేసే షాపులో పదిమంది చేత పని చేయిస్తున్నా, మా ఇంట్లో దాని పేరదే.

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. గోడ గడియారంలో ఒంటిగంటా ఇరవై అయింది. మూడింటికి ఇంట్లోంచే, ఈ మిషను మీదే నా పరీక్ష.

టీవీలో వార్తలు చదువుతుంటే, చెవులు వినపడనివాళ్ళ కోసం ఆ మాటల్ని అప్పటికప్పుడు తెర కింద టైపు చేసే ఉద్యోగం అది. నిమిషానికి నలభై మాటలు పడాలి. మూడంటే మూడే అవకాశాలు. మొదటిసారి నాకు ఇరవై మూడు పడ్డాయి. రెండోసారి పంతొమ్మిది. ఇవాళ్టిది మూడోది. ఇది పోతే మళ్ళీ దరఖాస్తు కూడా తీసుకోరు.

ఒకప్పుడు నేను నలభై ఎనిమిది కొట్టేదాన్ని. గొప్పలు చెప్పడం కాదు. మామయ్యగారి టైపు ఇన్‌స్టిట్యూట్ గోడ మీద నా ఫోటో ఆరేళ్ళు వేలాడింది. మేష్టారు పిల్ల ముఖం చూడలేదు, వేళ్ళు చూసి కోడల్ని చేసుకున్నారు అని చుట్టాలు ఇప్పటికీ వెక్కిరిస్తారు. మా ఆయన టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు. చేతిలో కత్తెర ఎంత చురుకో, కీబోర్డు ముందు అంత మొద్దు. తండ్రి విద్య కొడుకుని దాటిపోయి నా దగ్గర ఆగింది.

మామయ్యగారు ముందుగదిలో పేపరు చదువుతున్నారు. అరగంటగా అదే పేజీ.

“నేను రావడం నాన్నకి నచ్చినట్టు లేదు” అంది గడుగ్గాయి గొంతు తగ్గించి. “వచ్చావా తల్లీ అనలేదు. ఎందుకొచ్చావన్నాడు.”

“నిన్ను పిలిచానని నేను చెప్పలేదులే. నువ్వొస్తే మిషను విప్పి ముక్కలు చేసి పోతావంటారు.”

“ఎప్పుడన్నాడు?”

“మూడు నెలలుగా అంటూనే ఉన్నారు. నిన్ను పిలుద్దామని ఎప్పుడనుకున్నా అదే మాట.”

అది ఏదో అడగబోయింది. ఈలోగా చక్రం ఆగింది. పదకొండు నిమిషాల ఐదు సెకన్లు. తెర వెలిగిందో లేదో, ఒకదాని మీద ఒకటి ఏవేవో తెరుచుకోవడం మొదలైంది. అక్షరాలు పెద్దవి చేసి చూపించేది ఒకటి, మాట రికార్డు చేసేది ఒకటి, రాసింది చదివి వినిపించేది ఒకటి, టైపు నేర్పేవి మూడు, పేకాట ఒకటి.

“ఓరి నాయనో! పంతొమ్మిది!” అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది గడుగ్గాయి. “మిషను లేవగానే పంతొమ్మిది ప్రోగ్రాములు వాటంతటవే తెరుచుకోవాలని పెట్టారు. మగపెళ్ళివారంతా ఒకే గుమ్మంలోంచి ఒకేసారి దూరితే ఎలా ఉంటుంది? అదీ దీని పరిస్థితి. ఎవరి పని ఇది?”

“నాదే” అన్నారు మామయ్యగారు పేపరు వెనకనించి. “పొద్దున్నే అన్నీ తెరిచి ఉండాలి.”

నాకు నవ్వొచ్చింది. ఇన్‌స్టిట్యూట్ నడిచిన రోజుల్లో పొద్దున్న ఆరింటికి, ఇంకా ఒక్క స్టూడెంటు కూడా రాకముందే, పద్దెనిమిది మిషన్ల మీది గుడ్డలూ ఆయనే తీసేవారు. గుడ్డ కప్పిన మిషను ముందు ఎవరూ కూర్చోరు అనేవారు. ఇన్‌స్టిట్యూట్ మూసేసి నాలుగేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. కంప్యూటర్లో కూడా అన్నిటికీ గుడ్డలు తీసి పెట్టారు.

“నాన్నా, ఇది పద్దెనిమిది మిషన్ల హాలు కాదు. అన్నీ ఒక్కటే మోయాలి” అంటూ అది ఒక్కొక్కటే తీసేసింది. మిషను ఆపి మళ్ళీ పెట్టింది.

ఈసారి ఒక నిమిషం పది సెకన్లు!

నేను దాన్ని వెనకనించి వాటేసుకున్నాను. “నీ కడుపు చల్లగుండ! ముందే నిన్ను పిలవాల్సింది.”

“అప్పుడే సంబరపడకు. కీబోర్డు సంగతి చూడనీ. ఏదన్నా కొట్టు.”

నేను కుర్చీలో కూర్చుని, రోజూ సాధన చేసే వార్త కొట్టాను. ‘రాబోయే రెండు రోజుల్లో వర్షాలు కురిసే అవకాశం ఉంది’ అని నా వేళ్ళు కొట్టాయి. తెర మీద ‘రబ రడ జల వష కస’ అని పడింది.

గడుగ్గాయి కీబోర్డు తిరగేసి దులిపింది. నాలుగు బియ్యపు గింజలు, ఒక పిన్ను రాలాయి. తీగ పీకి వెనకవైపు గుచ్చింది. అక్కడా అంతే. సంచిలోంచి తన షాపు కీబోర్డు తీసి తగిలించింది. అట్టపెట్టె సీలు అప్పుడే చింపింది, కొత్తది.

దాని మీదా ‘రబ రడ జల’.

ఇంక నాకు దుఃఖం ఆగలేదు. “చెప్పాను కదే! తప్పు నాదే. నా చేతులే చచ్చుబడిపోయాయి.”

మొదటిసారి పరీక్ష పోయినప్పుడు నేనూ కీబోర్డునే తిట్టాను. మామయ్యగారు నవ్వి, “ఆడలేక మద్దెల ఓడు అనకూడదమ్మా” అన్నారు. అయినా కొత్తది కొన్నాం. అదీ అలాగే మొరాయించింది. “రెండు కీబోర్డులూ ఒకే తప్పు చెయ్యవు కదా అమ్మాయ్. వయసుతో వేళ్ళు మొద్దుబారతాయి. దానికి బాధపడి ఏం లాభం?” అని నా తల నిమిరారు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. అయినా నమ్మాను. టైపు విషయంలో ఆయన మాట నాకు శిలాశాసనం. మర్నాటి నుంచి వేడినీళ్ళలో వేళ్ళు ముంచుకుని సాధన చేశాను. కీ నొక్కి కాసేపు అలాగే పట్టుకుంటే అక్షరం పడుతోందని కనిపెట్టి, అలా నొక్కడమే నేర్చుకున్నాను.

“ఏడుపాపు” అంది గడుగ్గాయి. “మూడు కీబోర్డులకీ ఒకటే జబ్బంటే అది కీబోర్డు జబ్బు కాదు. లోపల ఎక్కడో ఉంది. ఇది ఎప్పుడైనా సరిగ్గా పడుతుందా?”

“మామయ్యగారు పుస్తకం చెబుతుంటే బాగానే పడుతుంది. నేను పరీక్షకి కూర్చుంటేనే దీనికి రోగం.”

అత్తయ్యగారు పోయాక ఆయన మొదలుపెట్టిన పుస్తకం అది. నలభై ఏళ్ళ టైపు పాఠాలు. ఆయన కుడిచెయ్యి రెండేళ్ళుగా వణుకుతోంది. అందుకని రోజూ సాయంత్రం ఆయన చెబుతారు, నేను టైపు చేస్తాను.

“నాన్న ఎలా చెబుతాడు? గబగబానా?”

“గబగబానా! ఒక్కో మాటా నమిలి నమిలి చెబుతారు. మధ్యలో నేను కూర తరుక్కోవచ్చు.”

గడుగ్గాయి ముఖంలో నవ్వు పోయింది. “అంటే మెల్లిగా కొడితే పడుతుంది. వేగంగా కొడితే పడదు. వదినా, ఒక అక్షరం మీద వేలు పెట్టి, తియ్యకుండా పట్టుకో.”

పట్టుకున్నాను. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత అక్షరం పడింది.

అది మౌసు లాక్కుని ఏదో పేజీ తెరిచి, చాలాసేపు దాన్నే చూసింది.

“ఇదీ సంగతి. ఇది చేతులు వణికేవాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటు. వేలు ఇలా తగిలి అలా పోతే, పొరపాటున తగిలిందనుకుని పట్టించుకోదు. కాసేపు నొక్కిపడితేనే అక్షరం వేస్తుంది. నీలాంటి స్పీడు మనిషికి ఇది నోట్లో గుడ్డ కుక్కడమే.”

ఒక్క గుర్తు తీసేసింది. “ఇప్పుడు కొట్టు.”

కొట్టాను. ‘రాబోయే రెండు రోజుల్లో వర్షాలు కురిసే అవకాశం ఉంది.’ మొత్తం పడింది! రెండు మూడు చోట్ల అక్షరం రెట్టింపు పడింది కానీ ఆ సంతోషంలో నేను పట్టించుకోలేదు. మూడు నెలలుగా నాకు చేతకాదనుకున్న వాక్యం అది.

“పాపం మామయ్యగారు తన చేతి కోసం పెట్టుకుని మరిచిపోయి ఉంటారు” అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. మనస్ఫూర్తిగానే అన్నాను.

గడుగ్గాయి మౌసుని మళ్ళీ అదే పేజీ మీదకి జరిపింది.

“ఏమే?”

“మరిచిపోతే బాగుండేది” అంది. “చూడు వదినా. ఈ ఏర్పాటు పెడితే, అక్షరం పడ్డప్పుడల్లా టిక్కుమని చప్పుడొస్తుంది. వణికే చేతికి ఆ చప్పుడే ఆధారం. తెర కింద మూలన చిన్న బొమ్మ కూడా కనపడేలా పెట్టుకోవచ్చు. మా షాపుకొచ్చే పెద్దవాళ్ళందరికీ నేను రెండూ పెట్టి పంపిస్తాను. ఇక్కడ రెండూ తీసేసి ఉన్నాయి. మరిచిపోయిన మనిషి దాచిపెట్టడు.”

ముందుగదిలో పేపరు మడిచిన చప్పుడయింది. మామయ్యగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడండమ్మా” అన్నారు.

“స్టవ్ మీద ఏమీ లేదు నాన్నా” అంది గడుగ్గాయి.

పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. దబదబమని ఒకటే చప్పుడు.

“మామయ్యగారూ” అన్నాను. “ఇది నా మొదటి పరీక్షకి ముందే ఉందా?”

“ఉంది. నా చేతి కోసమే పెట్టుకున్నానమ్మా. నీకు అడ్డం పడుతుందని అప్పటికి నాకు తెలీదు. నీ మీద ఒట్టు.”

“మరి రెండోదానికి?”

ఆయన వణికే చేతిని ఎడంచేత్తో పట్టుకున్నారు.

“రెండోదానికి మామయ్యగారూ?”

“తెలిసింది.”

“ఎప్పుడు?”

“నువ్వు మొదటిసారి తప్పిన మర్నాడే. పక్కన కూర్చుని చూశాను కదా. నీ వేళ్ళు నాకు తెలీవా? వేలు పడుతోంది, అక్షరం పడటం లేదు. నువ్వు బజారుకెళ్ళినప్పుడు, తీసేద్దామనే మిషను ముందు కూర్చున్నాను.”

“కూర్చుని?”

“చప్పుడు తీసేశాను.”

ఎంత మెల్లిగా చెప్పారో! పుస్తకం చెప్పినంత మెల్లిగా.

నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనట్టయింది నా బతుకు. పరాయివాళ్ళు చేస్తే తిట్టి ఊరుకుంటాం. పద్దెనిమిదేళ్ళ వయసులో నా వేళ్ళు పట్టుకుని ఏ వేలు ఎక్కడ పెట్టాలో నేర్పిన మనిషి ఈయన. నేను తప్పినప్పుడల్లా నాకంటే ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి. ఆ నీళ్ళు కూడా నిజమే అయ్యుంటాయి, అదే నాకు ఇంకా మంటగా ఉంది.

“ఎందుకు?” అన్నాను.

“పుస్తకం అమ్మా. ఇంకా పదకొండు పాఠాలే. నువ్వు ఉద్యోగానికి పోతే ఎవరు కూర్చుంటారు నా దగ్గర? అబ్బాయికి టైపు తెలీదు. దీనికి తీరదు. నాకున్న చేతులు నీ చేతులే.”

“నా చేతులు నావి మామయ్యగారూ!” అరిచాను. ఈ ఇంట్లో నేను అరవడం అదే మొదలు. “అడిగితే చెయ్యనా? ఆదివారాలు కూర్చోనా? సాయంత్రాలు కూర్చోనా? ఒక్కసారి అడిగారా?”

“అడిగితే కాదంటావేమోనని...”

“అందుకని నాకే చేతకాదని నమ్మించారా? ముసలిదాన్నయిపోయానని నమ్మించారు నన్ను! పరీక్షలో పంతొమ్మిది పడ్డ రోజు నేను అన్నం తినలేదు. మీరే పెరుగన్నం కలిపి తెచ్చి, తినమ్మా, ఉద్యోగం ఒకటే బతుకా అన్నారు. ఎలా అనగలిగారు? అన్నం గిన్నె పట్టుకుని ఎలా అనగలిగారు మీరు?”

ఆయన తల వంచుకున్నారు.

“చాలు” అంది గడుగ్గాయి. దాని కళ్ళూ ఎర్రబడ్డాయి. “రెండూ ఇరవై అయింది. ఆయన్ని తర్వాత నేనూ నువ్వూ కలిసి దులిపేద్దాం. ముందు కూర్చో. ఒక్కసారి స్పీడు చూసుకో.”

కూర్చున్నాను. గడుగ్గాయి టైము పెట్టింది. రెండు నిమిషాలు ఊపిరి బిగపట్టి కొట్టాను.

నిమిషానికి ఇరవై ఆరు.

తెర నిండా రెట్టింపు అక్షరాలు. నేను మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. గడుగ్గాయి ఏదో సవరించింది. రెట్టింపు పడటం ఆగింది కానీ స్పీడు ఇరవై ఏడు దాటలేదు. అప్పుడు చూసుకున్నాను నా వేళ్ళని. దిగిన చోట అవి ఆగిపోతున్నాయి. మూడు నెలలు కష్టపడి నేర్పించాను కదా, నొక్కిపట్టమని. మంచి పిల్లల్లా నేర్చుకున్నాయి. ఇప్పుడు వదలమంటే వదలవు.

“వదినా...” గడుగ్గాయి నా భుజం మీద చెయ్యి వేసింది. “మిషన్లో ఇంక ఏ తప్పూ లేదు. ఉన్నది బాగుచెయ్యడం నాకు రాదు.”

“వేలు ఎత్తడం మరిచిపోయింది” అన్నారు మామయ్యగారు గుమ్మంలోంచే. “పాత బరువు మిషన్ల మీద నేర్చుకున్నవాళ్ళకి వచ్చే జబ్బే ఇది. ఎంతమందికి వదిలించానో. ఇరవై నిమిషాలు చాలు.”

“నువ్వు దాని దగ్గరికి రాకు నాన్నా.”

“ఇరవై నిమిషాలమ్మా. నేను బల్ల మీద తాళం వేస్తాను.”

రెండూ ముప్ఫై. నా జబ్బు ఆయన తెచ్చిందే. మందు కూడా ఆయన దగ్గరే ఉంది. ఊళ్ళో ఇంకొకరి దగ్గరికి పరిగెత్తే టైము లేదు. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీద నాకు అంతకంటే ఎక్కువ వేసింది.

“కూర్చోండి” అన్నాను.

ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. వణకని ఎడంచెయ్యి బల్ల మీద పెట్టారు.

“నా దెబ్బ పడ్డప్పుడు వేలు దించకు. ఎత్తు. దిగడం అదే దిగుతుంది, దాని సంగతి మరిచిపో. నీకు పని ఎత్తడమే. కానీ.”

టక్. టక్. టక్.

“చిటికెనవేలు! నిద్రపోతోందా అది? ఎత్తు! మణికట్టు దించకు. తెర చూడకు, తెరతో నీకేం పని? ఎత్తు!”

పద్దెనిమిదేళ్ళ పిల్లని తిట్టినట్టు తిట్టారు. నా వేళ్ళకి సిగ్గూ శరమూ లేదు. మనసులో ఆయన్ని నానా మాటలూ అంటూనే ఉన్నాను, వేళ్ళు మాత్రం ఆయన చెప్పినట్టల్లా విన్నాయి. గడుగ్గాయి టైము పెట్టి అంకెలు చదువుతోంది. ఇరవై తొమ్మిది. ముప్ఫై మూడు. ముప్ఫై ఆరు.

“వస్తోంది వదినా! వస్తోంది!”

రెండూ యాభై మూడు. ముప్ఫై ఎనిమిది.

టక్... ఆగింది.

“కొట్టండి మామయ్యగారూ, ఆపకండి. ఇంకో రెండే.”

“ఒక్క మాట అమ్మాయ్.” ఆయన చెయ్యి బల్లకి జానెడు ఎత్తులో నిలబడి ఉంది. “ఉద్యోగం వచ్చినా ఆ పదకొండు పాఠాలూ పూర్తి చేస్తానని మాటివ్వు. అది చెప్పు ముందు.”

“నాన్నా! సిగ్గులేదూ నీకు!” గడుగ్గాయి లేచి నిలబడింది.

నేను ఆయన ముఖం చూశాను. కళ్ళనిండా నీళ్ళు. బతిమాలుతున్నారో బేరమాడుతున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. చెయ్యి మాత్రం దించలేదు. పది నిమిషాల క్రితం అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో ఆ మాట. నిన్న అడిగి ఉంటే నవ్వుతూ ఇచ్చేదాన్ని.

మూడు కావస్తోంది, తెర మీద పరీక్ష పేజీ తెరుచుకుంది. ‘సిద్ధంగా ఉన్నారా?’ అని అడుగుతోంది.

ఆయన చేతిని గాలిలోనే పట్టుకుని, మెల్లిగా తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

“గడుగ్గాయ్, మీ నాన్నగారిని బయటికి తీసుకెళ్ళి తలుపు వెయ్యి.”

“అమ్మాయ్, ఇంకా రెండు తక్కువగా ఉన్నాయి. నేను తాళం వెయ్యకపోతే నీ వేళ్ళు మళ్ళీ...”

తలుపు పడింది. అవతల ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు, నాకు మాటలు తెలియలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘సిద్ధం’ అని నొక్కాను. వార్తలు చదివే ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నా చూపుడువేలు మొదటి అక్షరం మీదకి దిగింది.